పిల్లల వాకింగ్ షూస్, రెండు నెలల రివ్యూ: సోల్ బంగారం, ఆ పట్టీతోనే గొడవ

హాయ్, నమస్తే అందరికీ. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇదిగో ఈ రెండు జతల షూస్ కంపెనీవాళ్లు ఫ్రీగా పంపించారు. రివ్యూకి నేను డబ్బులేమీ తీసుకోలేదు. వీడియో పెట్టేముందు మాకొకసారి చూపించండి అన్నారు, అది కుదరదన్నాను, సరే అన్నారు. బరువు, సైజులు, రంగులు, రేటు ఈపాటికే మీరు అన్నిచోట్లా చూసుంటారు కాబట్టి అవన్నీ నేను మళ్లీ చదవను. మా పెద్దోడికి తొమ్మిదేళ్లు, వాడికి లేసుల జత. చిన్నదానికి అయిదేళ్లు, దానికి వెల్‌క్రో పట్టీ జత. వినాయక చవితి అయ్యాక వచ్చాయి, ఇప్పుడు కార్తీకం నడుస్తోంది. ఈ మధ్యలో మేం ఎక్కడ నడిచినా పిల్లల కాళ్లకు ఇవే.

పొద్దున పూట హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు, ఒక ఆదివారం చిలుకూరు దగ్గర మృగవని పార్కు, రెండుసార్లు వికారాబాద్ అనంతగిరి అడవి, ఒకసారి సంగారెడ్డి అవతల మంజీరా ఒడ్డు. కేబీఆర్‌లో ఈ షూస్ గురించి చెప్పడానికేమీ లేదు, అక్కడి దారి మీద ఏ షూ అయినా బాగానే ఉంటుంది. నెమళ్లు కనిపించాయంటే పిల్లలకు కాళ్లకేం వేసుకున్నామన్నది కూడా గుర్తుండదు. అసలు పరీక్ష అనంతగిరిలోనే.

సోల్ గురించి రెండు ముక్కల్లో చెప్పేస్తా, ఎందుకంటే దాని మీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. మొదటిసారి వెళ్లినప్పుడు రాత్రంతా వాన పడి ఉంది. అనంతగిరి ఎర్రమట్టి తడిస్తే ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకు తెలుసు, సబ్బు మీద నడిచినట్టే. మా ఆయన రెండుసార్లు జారారు, నేను చెట్టు పట్టుకుని దిగాను, పిల్లలిద్దరూ మాత్రం నేల కరుచుకున్నట్టు చకచకా దిగిపోయారు. మట్టి అట్టకట్టలేదు, రాయికి తగిలినా ముందున్న రబ్బరు ముక్కు చిరగలేదు. సోల్‌కు పదికి పది మార్కులు, అందులో అనుమానం లేదు.

ఇప్పుడు పట్టీ దగ్గరకొద్దాం. దీని గురించి చాలాసేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి.

అనంతగిరిలో గుడి దగ్గర బండి పెట్టి చెట్లలోకి దిగాం. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. మా చిన్నదానికి మూసీ అంటే చాదర్‌ఘాట్ వంతెన మీద ముక్కు మూసుకోవడం ఒక్కటే తెలుసు. రాళ్ల మధ్య నుంచి పారుతున్న సన్నటి నీటిపాయ చూపించి, ఇలాంటి నీళ్లన్నీ కలిసే మూసీ అవుతుందమ్మా అంటే అస్సలు నమ్మలేదు. గండిపేటలో ఆగి, సిటీ మధ్య నుంచి పోయి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుందని పెద్దోడికి చెప్పాను. వాడు వెంటనే 1908లో మూసీకి వచ్చిన వరద గురించి అడిగాడు. ఆ సెప్టెంబరు 28న ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారని ఎక్కడో విన్నాడట. ఈ నీళ్లేనా, ఇంతేనా అని వంగి చెయ్యి పెట్టి చూశాడు. నేను అడవికి పిల్లల్ని తీసుకెళ్లేది ఇలాంటి అయిదు నిమిషాల కోసమే.

సరిగ్గా అప్పుడే, "అమ్మా, నా షూ ఊడిపోయింది."

వంగి చూస్తే పట్టీ తెరుచుకుని వేలాడుతోంది. వేశాను. పది అడుగులు వేసిందో లేదో మళ్లీ ఊడింది. మళ్లీ వేశాను. బండి దగ్గరకు తిరిగొచ్చేలోపు ఎన్నిసార్లు కూర్చున్నానో లెక్కపెట్టడం మానేశాను, చివరికి నా జడ రబ్బరు బ్యాండ్ తీసి షూ చుట్టూ వేశాను.

ఇంటికొచ్చాక దగ్గర పెట్టుకుని చూశాను. ఇదిగో, మీకూ దగ్గరగా చూపిస్తున్నా. వెల్‌క్రోలో రెండు వైపులుంటాయి. ఒకవైపు మెత్తటి నూగు, ఒకవైపు చిన్న చిన్న కొక్కేలు. ఈ షూలో కొక్కేల భాగం షూ ఒంటికే కుట్టారు, నూగు భాగం పట్టీ అడుగున ఉంది. మా చిన్నదాని పాదం కాస్త మందం, సాక్స్ వేస్తే ఇంకా మందం. పట్టీ చివరిదాకా రాదు. కింద ఇంత, నా బొటనవేలి గోరంత వెడల్పున, కొక్కేలు బయటే ఉండిపోతాయి. అడవిలో కాలు పెట్టినప్పటి నుంచి ఆ బయటున్న చోట ఉత్తరేణి గింజలు, గడ్డి పీచు, దారాలు, ఏది తగిలితే అది పట్టేసుకుంది. పట్టీ ఊడినప్పుడల్లా మిగతా భాగంలోకి కూడా చేరాయి. ఇక నూగుకు పట్టుకోవడానికి కొక్కెం ఎక్కడుంది?

ఉత్తరేణి తెలుసుగా, వినాయకుడి పూజలో ఇరవై ఒక్క పత్రిలో ఒకటి. మనం సంతలో కట్ట కొనుక్కుని, ఆకు దేవుడి ముందు పెట్టి, మిగతాది పడేస్తాం. అడవిలో అదే మొక్క మోకాలి ఎత్తున దారికి అటూ ఇటూ నిలబడి ఉంటుంది. దాని కంకిని పైనుంచి కిందికి నిమిరితే మెత్తగా ఉంటుంది, కింది నుంచి పైకి నిమిరారా, గుచ్చుకుంటుంది, గింజలు చేతికొచ్చేస్తాయి. పక్కనుంచి పోయే ప్రతి ప్రాణికీ అంటుకుని దూరం పోవడమే ఆ గింజ పని.

మా అత్తమ్మది వికారాబాద్ వైపు పల్లెటూరే. నేను టూత్‌బ్రష్‌తో రుద్దుతుంటే, "అట్ల రాదమ్మా, ఇటు తే" అని షూ తీసుకుని ఒళ్లో పెట్టుకుని, పిన్నీసు విప్పి ఒక్కో గింజా తీయడం మొదలుపెట్టింది. ఒక్క షూకే ముప్పావుగంట పట్టింది. తీసిన గింజలు స్టీలు పళ్లెంలో పోసింది, పిల్లలు చుట్టూ చేరి లెక్కపెట్టారు, నూట పదకొండు. వాళ్ల చిన్నప్పుడు పల్లేరు కాయలు చెప్పుల్లో దిగితే రాయికేసి రుద్దుకుని నడిచేవాళ్లట, ఈ గింజలు లంగాలకు అంటుకుంటే ఇంటికొచ్చాక అరుగు మీద కూర్చుని ఒకరివి ఒకరు తీసుకునేవాళ్లట.

నాకు కోపం తెప్పించే సంగతి ఇంకోటుంది. అసలు వెల్‌క్రో ఎలా పుట్టిందో తెలుసా? స్విట్జర్లాండ్‌లో జార్జ్ డి మెస్ట్రాల్ అనే ఇంజనీరు 1941లో కుక్కతో అడవికి వెళ్లొచ్చాడు. కుక్క బొచ్చుకు, తన బట్టలకు ముళ్ల కాయలు అంటుకుని ఉన్నాయి. వాటిని మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే ప్రతి ముల్లు చివరా చిన్న కొక్కెం ఉంది. అందులోంచే వెల్‌క్రో పుట్టింది, 1955లో పేటెంట్ వచ్చింది. మరి మెత్తగా, పోగుల్లా ఉన్నది ఏది తగిలినా పట్టుకోవడమే ఆ కొక్కేల పని అయినప్పుడు, వాటిని గడ్డిలోకి తెరిచి పెడతారా? అడవిలో నడవడానికే అని డబ్బా మీద బొమ్మ వేసి అమ్ముతున్నప్పుడు, అమ్మేముందు ఒక్క పిల్లకైనా ఇవి వేసి వానలు తగ్గాక ఒక్కసారి గడ్డిలో నడిపించి చూడాలి కదా! ఇంకో అర అంగుళం పట్టీ పెడితే సరిపోయేది.

వెల్‌క్రో ఎందుకు పెట్టారో నాకు అర్థమవుతుంది, ఆ ఆలోచన నాకు ఇష్టం కూడా. అయిదేళ్ల పిల్ల ఎవరి సాయం లేకుండా తన షూ తానే వేసుకోవాలి. పెద్దోడికి ఆ వయసులో వేరే కంపెనీ జత ఉండేది, సాగే తాడు, నొక్కితే వదిలే బటన్. రెండేళ్లు వాడాం, ఒక్కసారి కూడా నేను వంగలేదు. రంగు వెలిసిపోయినా ఆ జత ఇంకా పారేయలేదు. చిన్నదానికి వేద్దామంటే దానికి వదులు.

మంజీరాకు వెళ్లినప్పుడైతే ఈ పట్టీ వల్ల జరిగింది నేను మర్చిపోను. కల్పగూర్ వైపు మంజీరా అభయారణ్యం, 1978 నుంచీ ఉంది. నేల చదునుగా ఉంటుంది, ఎక్కడం దిగడం ఉండదు కాబట్టి చిన్న పిల్లలతో వెళ్లేవాళ్లకు అనంతగిరి కన్నా అదే హాయి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, అక్కడ మొసళ్లున్నాయి, పిల్లల్ని నీటి అంచుకు అస్సలు పంపొద్దు, దారి మీదే నడవండి. మేమూ దూరంగా గట్టు మీదే ఉన్నాం. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి, కొంగలు ఒంటికాలి మీద ఉన్నాయి. లకుముకి పిట్ట ఒకటి కొమ్మ మీంచి నీళ్లలోకి దూకి చేపతో పైకి వచ్చింది. పెద్దోడు చూశాడు, మా ఆయన చూశారు. చిన్నది చూడలేదు. ఆ క్షణంలో నేను దాని కాలు నా మోకాలి మీద పెట్టుకుని పట్టీ వేస్తున్నాను, అది నా భుజం పట్టుకుని కిందికి చూస్తోంది. అన్న అరుపు విని తలెత్తేసరికి పిట్ట ఎగిరిపోయింది. దారంతా "నాకు చూపించలేదు, నాకు చూపించలేదు" అని ఏడ్చింది. ఆ రోజే ఈ రివ్యూలో నేనేం చెప్పాలో తేలిపోయింది.

కంపెనీకి ఫొటోలతో మెయిల్ పెట్టాను. పార్కుల్లో నడిచే పిల్లల కోసం డిజైన్ చేశామని జవాబిచ్చారు. అయితే డబ్బా మీద ఆ అడవి బొమ్మ తీసేయాలి.

తర్వాత మా వీధి చివర చెప్పులు కుట్టే అతని దగ్గరకు తీసుకెళ్లాను. ఒక్క చూపులో అర్థం చేసుకున్నాడు. పట్టీకి ఇంకో ముక్క కలిపి, కొక్కేలు పూర్తిగా మూసుకునేలా అడుగున నూగు భాగం వేసి కుట్టి ఇచ్చాడు. రెండు షూలకూ కలిపి ఎనభై రూపాయలు తీసుకున్నాడు. వాటితో మృగవనిలో గడ్డిలో గంటన్నర నడిచాం, అనంతగిరికి రెండోసారి వెళ్లొచ్చాం. సాక్స్‌కు, గౌనుకు బోలెడు గింజలు అంటుకున్నాయి, పట్టీ మాత్రం ఒక్కసారి కూడా ఊడలేదు.

కాబట్టి నా మాట ఇది. లేసుల జత కళ్లు మూసుకుని కొనండి, పెద్దోడి షూస్‌కు నేను ఒక్క వంక పెట్టలేను. వెల్‌క్రో జత, మీరు పార్కులకే వెళ్తారంటే సరే, అడవికి, ఏటి ఒడ్డుకు అయితే కొనొద్దు. ఇప్పటికే కొనేసి ఉంటే పారేయకండి, కుట్టించండి. అప్పటిదాకా బ్యాగులో ఒక పిన్నీసు, రెండు రబ్బరు బ్యాండ్లు పెట్టుకోండి.

ఈ ఆదివారం మళ్లీ అనంతగిరి వైపే, వనభోజనాలకు. ఉసిరి చెట్టు కింద పులిహోర, అత్తమ్మ కూడా వస్తానంది. చిన్నది ఈ కుట్టించిన జతే వేసుకుంటుంది. ఏదమ్మా, ఇటు రా, కెమెరా ముందు కూర్చో. నేను ముట్టుకోను, నువ్వే వేసుకుని చూపించు.