గుండు చేయించుకున్న రోజు అద్దం చూశారా?

అందరికీ నమస్కారం. చర్మం ముడతలు పడకుండా ఉండాలంటే ఏ క్రీము రాయాలో చెప్పమని నన్ను పిలిచారు. క్రీము సంగతి తరువాత. ఇక్కడ కూర్చున్నవారిలో కొండమీద తలనీలాలు ఇవ్వనివారు ఉంటే చెయ్యెత్తండి. చూశారా, ఒక్క చెయ్యీ లేవలేదు! తిరుపతిలో చర్మం గురించి మాట్లాడేవారికి ఇదొక సౌకర్యం.

కల్యాణకట్ట నుంచి వచ్చి అద్దంలో చూసుకుంటే నుదుటి మీద గీత గీసినట్టు ఉంటుంది. గీతకు పైన చర్మం లేతగా, నున్నగా కనిపిస్తుంది. కింద మాత్రం కమిలిపోయిన రంగు, మచ్చలు, ముడతలు. రెండూ ఒకే రోజు పుట్టినవే, ఒకే అన్నం తిన్నవే. పైదానికి జుట్టు గొడుగు పట్టింది, కిందిదానికి ఎవరూ పట్టలేదు. ముఖం మీద వయసు అనుకునేదానిలో పెద్ద వాటా ఎండదే.

లోపల జరిగేది చెబుతాను. మీ ఇళ్లలో నులక మంచం ఉండేది కదా. చర్మం లోపలి పొరలో కొలాజెన్ అనే ప్రోటీను పోగులు ఆ నులకలాగే అల్లుకుని ఉంటాయి. ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలు తగిలితే, ఆ పోగులను తెంపే ఎంజైములు చర్మంలోనే పుడతాయి. ఏళ్ల తరబడి తెగితే మంచం కుంగుతుంది. ఆడవారికి నెలసరి ఆగిన తొలి ఐదేళ్లలో కొలాజెన్ దాదాపు 30 శాతం తగ్గుతుంది. "ఒక్కసారిగా ముసలిదాన్నయిపోయాను డాక్టరుగారూ" అని మా అక్కలు అనేది ఊరికే కాదు. కుంగిన మంచం మీద కొత్త దుప్పటి పరిస్తే ఎంత లాభమో, కొలాజెన్ క్రీము పైన రాస్తే అంతే లాభం. ఆ అణువు పెద్దది, చర్మం దాటి లోపలికి పోదు.

కారు అద్దాలు ఎత్తుకుంటే ఎండ తగలదని అనుకోకండి. చర్మం కమలడం తగ్గుతుంది గానీ, యూవీలో ముడతలు తెచ్చే రకమైన యూవీఏ కిరణాలు మామూలు పక్క అద్దాన్ని చాలావరకు దాటుకుని వస్తాయి. 28 ఏళ్లు లారీ నడిపిన ఒక అమెరికన్ డ్రైవరు ఫోటో 2012లో ఒక వైద్యపత్రికలో వచ్చింది. కిటికీ వైపున్న ఎడమ చెంప పదేళ్లు ముందుకు పరుగెత్తినట్టు ముడతలు పడి ఉంది. మన డ్రైవర్లు కుడివైపు కూర్చుంటారు కాబట్టి, ఈసారి వారి రెండు ముంజేతులూ పోల్చి చూడండి.

ఇంకో పొరపాటు. మనవాళ్లు అగ్ని నక్షత్రం రోజుల్లో గొడుగు తీస్తారు, నాలుగు వానలు పడగానే అటక మీద పెడతారు. తిరుపతిలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదికి రెండుసార్లు: ఏప్రిల్ చివర, మళ్లీ ఆగస్టు మధ్యలో. ఆగస్టులో గాలి చల్లగా ఉండవచ్చు, మబ్బు తొలగిన క్షణం నుంచి కిరణాలు మాత్రం ఏప్రిల్ నాటివే. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవారు తెల్లవారుజామునే బయలుదేరితే మోకాళ్లకూ ముఖానికీ మేలు.

ఎండ నుంచి కాపాడే క్రీము, అదే సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ (కమలకుండా ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 ఉంటే చాలు. అది చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాలలో సుమారు 97 శాతం ఆపుతుంది, 50 ఉన్నది 98 ఆపుతుంది. ఆ ఒక్క శాతానికి ధర రెట్టింపు పెట్టకండి. యూవీఏను కూడా ఆపుతుందని డబ్బా మీద రాసి ఉందా అన్నది చూసుకోండి. శనగగింజంత రాసి పని జరగలేదంటే ఎలా? ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవు కావాలి, బయట తిరిగితే రెండు గంటలకోసారి మళ్లీ. ఆస్ట్రేలియాలో నాలుగున్నరేళ్ల పరిశోధన ఫలితం 2013లో వెలువడింది: రోజూ రాసినవారి చర్మంలో ఆ కాలంలో కొత్తగా వయసు మీరిన గుర్తులు కనిపించలేదు. మంగు మచ్చలున్నవారు రంగు కలిసిన సన్‌స్క్రీన్ తీసుకోండి, మామూలు వెలుగు కూడా మంగును పెంచుతుంది.

తిండి గురించి నేను పెద్దగా ఉపదేశించను. ఉసిరి, జామ తినండి. విటమిన్ సి లేకపోతే కొలాజెన్ పోగులు గట్టిగా పేనుకోవు. సంగటి, ఆకుకూర, వేరుశనగ పచ్చడి తినే ఇంటికి నేను చెప్పేదేముంది? చక్కెర వ్యాధి మాత్రం అదుపులో పెట్టుకోండి. రక్తంలో ఎక్కువైన చక్కెర కొలాజెన్‌కు అతుక్కుని దాన్ని బిరుసెక్కిస్తుంది. పొగ మానేయండి. మరుగు నీళ్ల స్నానం తగ్గించి, ఒళ్లు తడి ఆరీ ఆరకముందే కొబ్బరినూనె గాని మాయిశ్చరైజర్ గాని రాసుకోండి. నిమ్మకాయ ముఖానికి రుద్ది ఎండలోకి వెళ్లవద్దు, కాలుతుంది.

నాకు నిజంగా కోపం తెప్పించేది డాక్టరు చీటీ లేకుండా అమ్మే తెల్లబడే క్రీములు. వాటిలో చాలావాటిలో స్టిరాయిడ్ ఉంటుంది. మొదటి నెల మెరుపు, ఆ తరువాత చర్మం పల్చబడి, ఎర్రటి నరాలు తేలి, మొటిమలు, అవాంఛిత రోమాలు. మానేస్తే మంట. పెళ్లికి రెండు నెలల ముందు రాయడం మొదలుపెట్టి, పెళ్లయ్యాక ఏడుస్తూ వచ్చిన అమ్మాయిలను చూశాను. ముడతలకు నిజంగా పనిచేసే మందు ట్రెటినాయిన్. అది కూడా డాక్టరు చెబితేనే, రాత్రిపూట మాత్రమే, గర్భిణులు వాడకూడదు.

ఎవరో చీటీ పంపారు: "గుండుకు చందనం పూస్తారు కదా, అది చాలదా?" అని. చందనం చల్లగా ఉంటుంది, ఆరిపోగానే రాలిపోతుంది. అన్నాళ్లూ నీడలో పెరిగిన లేత చర్మం కదండీ, జుట్టు మళ్లీ వచ్చేవరకు తువ్వాలో టోపీయో వేసుకోండి. కొండమీద టోపీలు అమ్ముతారు, బేరమాడి తీసుకోండి.