చంద్రుడి మీద కన్యాదానం

సంచాలకురాలు: శ్రోతలకు నమస్కారం. తల్లిదండ్రుల ప్రేమకు హద్దు ఎక్కడుంటుందనే ప్రశ్నను నవ్విస్తూ అడిగిన ఒక ఒపేరా గురించి, అంటే పాటలతో నడిచే నాటకం గురించి, ఈరోజు మాట్లాడుకుందాం. దాని పేరు ‘ఇల్ మోండో దెల్లా లూనా’, అంటే చంద్రలోకం. ఆస్ట్రియా స్వరకర్త జోసెఫ్ హైడన్ స్వరపరచిన ఈ కృతిని 1777 ఆగస్టు 3న హంగరీలోని ఎస్టర్‌హాజా ప్రాసాదంలో తొలిసారి ప్రదర్శించారు. పాశ్చాత్య సంగీతం బోధించే మాస్టారు మనతో ఉన్నారు. మాస్టారూ, అంత పాత కథను వైజ్ఞానిక కల్పన అనవచ్చునా?

మాస్టారు: అనవచ్చునమ్మా. మోంగోల్ఫియే సోదరులు తయారుచేసిన బెలూనులో మనుషులు తాడు కట్టకుండా గాలిలో ప్రయాణించింది 1783లో. అంతకు ఆరేళ్ల ముందే హైడన్ ఒక మనిషి చంద్రుడి దాకా ఎగిరిపోతున్నట్టు సంగీతం రాశాడు. మాటలు ఇటలీ నాటక రచయిత కార్లో గోల్డోనివి. వాటిని హైడన్ కంటే ముందే, 1750లో, వెనిస్‌లో గలుప్పి అనే స్వరకర్త స్వరపరిచాడు. టెలిస్కోపు అనే పరికరం మీద జనానికి ఉన్న ఆశ్చర్యమే ఈ కథకు పునాది.

సంచాలకురాలు: కథను క్లుప్తంగా చెబుతారా?

మాస్టారు: బువొనఫేదే అనే డబ్బున్న పెద్దమనిషికి ఫ్లమీనియా, క్లారిచే అని ఇద్దరు కూతుళ్లు. వాళ్లు కోరుకున్నవాళ్లకు వాళ్లను ఇచ్చి పెళ్లి చేయడం ఆయనకు ఇష్టం లేదు. క్లారిచేను ప్రేమించిన ఎక్లీతికో జ్యోతిష్కుడి వేషంలో ఆయనకు టెలిస్కోపు చూపిస్తాడు. ఆ గొట్టానికి ఎదురుగా వెలుగుతున్న తెర మీద శిష్యులు బొమ్మలను కదిలిస్తుంటే, ఈ పెద్దాయన చంద్రుడి మీది మనుషులను కళ్లారా చూస్తున్నానని మురిసిపోయి డబ్బు సంచి తీసి ఇస్తాడు. తరువాత చంద్రలోకానికి తీసుకువెళ్లే రసమని చెప్పి నిద్రమందు తాగిస్తారు. మెలకువ వచ్చేసరికి ఆయన ఉన్నది ఎక్లీతికో తోటలోనే; దానినే చంద్రలోకంలాగా అలంకరించి ఉంచుతారు.

సంచాలకురాలు: మన ఇళ్లలో అన్నం తినిపించడానికి పెద్దవాళ్లు పిల్లలకు చందమామను చూపిస్తారు. ఇక్కడ పిల్లలే తండ్రికి చందమామను చూపిస్తున్నారన్నమాట.

మాస్టారు: ఎంత బాగా పట్టుకున్నావమ్మా! ఆ తారుమారులోనే ఈ ఒపేరా మనసు ఉంది. బువొనఫేదే చెడ్డవాడని నేను అనుకోను. ఆ పేరుకు ఇటాలియన్ భాషలో సద్విశ్వాసం అని అర్థం. ఆయనకు కూతుళ్ల మీద ప్రేమ లేక కాదు, ఆ ప్రేమను ఇనప్పెట్టెతో పాటు తాళం వేసి దాచుకోవడం వల్ల కష్టం వచ్చింది. చంద్రుడి మీద ఉన్నానని నమ్మాక ఆయన మాట తీరు మారుతుంది. అక్కడ చక్రవర్తి వేషం వేసినవాడు చెక్కో అనే నౌకరు. ఆ నౌకరు ఆజ్ఞ ఇచ్చిన చోట, తన ఊళ్లో ససేమిరా అన్న ఈ తండ్రే, తన చేతులతో కూతుళ్ల చేతులను వాళ్లు ప్రేమించినవాళ్ల చేతుల్లో పెడతాడు. పరువు, పెత్తనం అనే బరువులు భూమి మీద మిగిలిపోయాయి కాబట్టే ఆ చేయి అంత తేలికగా లేచిందని నాకు అనిపిస్తుంది.

సంచాలకురాలు: కానీ ఆయనను అందరూ కలిసి మోసం చేశారు కదా. ఆ మాట నన్ను బాధపెడుతుంది.

మాస్టారు: బాధపెట్టాలి కూడా. పిల్లల ప్రేమకు కూడా ఒక హద్దు ఉందని గోల్డోని దాచలేదు. మొదటి అంకం చివర తండ్రి కదలకుండా పడి ఉంటే చనిపోయాడనుకుని క్లారిచే, పనిమనిషి లిసెట్టా ఏడుస్తారు. ఎక్లీతికో ఒక వీలునామా తీసి, వాళ్లకు ఏమేమి వస్తాయో చదివేసరికి ఆ దుఃఖం తేలికపడుతుంది. ప్రేక్షకులు నవ్వుతారు, కాని ఆ నవ్వు గొంతులో కాస్త అడ్డం పడుతుంది. ఇంకొక సంగతి చెప్పాలి. ఈ ఒపేరా తయారైనదే ఒక పెళ్లి కోసం. హైడన్‌ను కొలువులో పెట్టుకున్న నికొలాస్ ఎస్టర్‌హాజీ ప్రభువు రెండో కొడుకు పెళ్లి వేడుకలో దీన్ని ఆడారు. పెళ్లిపందిట్లో పెళ్లికొడుకు తండ్రికి ఇలాంటి కథ వినిపించడానికి ఎంత చనువు, ఎంత నేర్పు కావాలో ఆలోచించు.

సంచాలకురాలు: హైడన్ సంగీతం ఆ తండ్రిని ఎగతాళి చేస్తుందా?

మాస్టారు: చేయదమ్మా, అందుకే ఈ కృతి అంటే నాకు ప్రాణం. మందు తాగి ‘వెళుతున్నాను, ఎగురుతున్నాను’ అంటూ ఆయన పాడేటప్పుడు గోల్డోని మాటలు మనల్ని నవ్వమంటాయి, హైడన్ వాద్యాలు మాత్రం ఆయనతో పాటు మెల్లగా పైకి తేలతాయి. తోటలో కళ్లు తెరిచాక ఆయన పాడే ‘కే మోండో అమాబిలే’, అంటే ఎంత ముద్దొచ్చే లోకం అనే పాట, నిజమైన ఆశ్చర్యంతో నిండి ఉంటుంది. ఈ ఒపేరాలో ఫ్లమీనియాను ప్రేమించిన ఎర్నెస్టో పాడే ఒక పాట స్వరాలనే హైడన్ 1782లో తన మరియాజెల్ మాస్‌లో, అంటే చర్చి ప్రార్థనకు రాసిన సంగీతంలో, ‘బెనెడిక్టుస్’ అనే భాగానికి వాడుకున్నాడు. తేలిక హాస్యం అనుకుని రాసిన సంగీతాన్ని ఎవరూ ప్రార్థనలోకి తీసుకువెళ్లరు.

సంచాలకురాలు: చివరికి ఆయన క్షమిస్తాడా?

మాస్టారు: మోసం బయటపడగానే రెండో అంకం ఆయన కోపంతో ముగుస్తుంది. మూడో అంకం చాలా చిన్నది. అందులో ఆయన మెత్తబడి కూతుళ్లను క్షమించి కట్నాలు ఇస్తాడు. అంత త్వరగా మనసు మారడం నాటకం లెక్కన బలహీనమే, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా క్లారిచే, ఎక్లీతికో అక్కడ కలిసి పాడే యుగళగీతం ఆ లోటును చాలావరకు పూడుస్తుంది.

సంచాలకురాలు: కొత్తగా వినేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

మాస్టారు: 2010లో న్యూయార్క్‌లోని హేడెన్ ప్లానెటేరియంలో, ఆకాశాన్ని చూపించే ఆ గుమ్మటం కిందనే దీన్ని ప్రదర్శించారు. అలాంటి చోటు మనకు దొరక్కపోయినా, రాత్రి దీపాలు ఆర్పి ‘కే మోండో అమాబిలే’ వినమని చెబుతాను. అందులో పిట్టల కూతలకు బదులుగా బువొనఫేదే తానే ఈల వేస్తాడు. ఇంట్లో కూతుళ్ల మీద గొంతు పెంచిన ఆ మనిషి ఈల వేస్తున్నాడని గుర్తుపెట్టుకుని వినండి.