మీరు తోమి పారబోస్తున్నది మురికి కాదు, వెండి

ఈ పళ్లెం మీది నలుపును మురికి అని పిలిచే ప్రతి ఒక్కరితోనూ నాకు ఈ రోజు పేచీ ఉంది. వెండి నల్లబడితే పైన ఏదో అంటుకుందని మనం అనుకుంటాం, కానీ ఆ నలుపు వెండీ గంధకమూ కలిసి పుట్టిన సిల్వర్ సల్ఫైడ్, అందులో తూకం ప్రకారం నూటికి 87 పాళ్లు వెండే. పండగ ముందు రోజు చేతులు నొప్పి పుట్టేదాకా రుద్ది, ఆ నల్లటి నీళ్లను తూములో వదిలినప్పుడు మీరు వదిలింది వెండి. ఈ మాటను ఈ వీడియోలో ఎన్నిసార్లు చెబుతానో నాకే తెలియదు, విసుగొస్తే మన్నించండి.

గొడవ ఎక్కడ మొదలైందో మీకు తెలుసు కాబట్టి రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. పాత సామాన్ల అంగట్లో కొన్న నల్లటి వెండి వడ్డన గిన్నెను ఒకాయన అల్యూమినియం ఫాయిల్ పరిచిన తొట్టిలో పెట్టి, వంట సోడా చల్లి, మరిగే నీళ్లు పోశాడు, అది కళ్ల ముందే తెల్లబడింది. రసాయనాలతో వెండిని చంపేశావని కొందరు ఆయన మీద పడ్డారు, మా అవ్వ అరవై ఏళ్లు విభూతితోనే తోమింది, మా గిన్నెలకు ఏమీ కాలేదని ఇంకొందరు ఎగిరారు. ఏమీ కాలేదని మీకెలా తెలుసు? ఆ అరవై ఏళ్లలో ఎవరైనా ఒక్కసారి తూకం వేశారా?

అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల చెరువులు చేసేవారికి నేను గంధకం గురించి చెప్పనక్కర్లేదు. చెరువు అడుగున నల్లమట్టి పేరుకొని కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే రైతుకు నిద్ర పట్టదు, ఎందుకంటే ఆ హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు రొయ్యను చంపుతుంది. అదే వాయువు గాలిలో లేశమాత్రంగా ఉన్నా చాలు, బీరువాలోని వెండి నల్లబడుతుంది. మురుగు కాలువ పక్క ఇళ్లలో వెండి తొందరగా నల్లబడడానికీ, కోడిగుడ్డు కూర వడ్డించిన గిన్నె గంటల్లోనే రంగు మారడానికీ, రబ్బరు బ్యాండు వేసి దాచిన గరిటె మీద సరిగ్గా ఆ బ్యాండు మేరకే నల్లటి గీత పడడానికీ కారణం ఆ గంధకమే.

ఇక ఆ ఫాయిల్ సంగతి. సోడా కలిసిన వేడి నీళ్లలో వెండి అల్యూమినియాన్ని తాకుతూ ఉంటే ఆ తొట్టి ఒక చిన్న బ్యాటరీ అవుతుంది. అల్యూమినియం తాను కరిగిపోతూ ఎలక్ట్రాన్లను ఇస్తుంది, వాటిని అందుకున్న సిల్వర్ సల్ఫైడ్ గంధకాన్ని వదిలేసి తిరిగి వెండి అవుతుంది. తొట్టిలోంచి వచ్చే దుర్వాసన ఆ వదిలిపోతున్న గంధకానిదే. అంటే మీరంతా తిట్టిపోసిన ఆ మనిషి నలుపులోని వెండిని గిన్నెకే తిరిగి ఇచ్చాడు, విభూతి పెట్టి తోమినవారు దాన్ని తూములో కలిపారు. సత్తు గిన్నెను సిల్వర్ గిన్నె అనీ, ఫాయిల్‌ను వెండి కాగితం అనీ పిలుచుకునే మనకు, ఆ పేర్లు పెట్టినందుకు అల్యూమినియం ఇన్నాళ్లకు కృతజ్ఞత చూపించిందని నేను అనుకుంటాను.

అలాగని ఆయన చేసినదంతా నేను నెత్తికెత్తుకోను. అలా తిరిగి వచ్చిన వెండి గుల్లగా, కాంతి లేని తెలుపుతో ఉంటుంది, మళ్లీ నల్లబడడానికి కూడా తొందరపడుతుంది. అంతకన్నా పెద్ద తప్పు, ఆయన గిన్నె మీద నకాషీ పని ఉంది. తీగలూ ఆకులూ కంటికి కనిపించేది వాటి పల్లాల్లో నిలిచిన నలుపు వల్లనే, దాన్ని కూడా కడిగేస్తే పనివాడు చెక్కిన నీడ పోయి, ఆ గిన్నె సున్నం కొట్టిన గోడలా మిగులుతుంది.

ఇప్పుడు కెమెరాను దగ్గరకు తెస్తున్నాను. కావలిలో ఒక పాత ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు అమ్మినప్పుడు ఈ వడ్డన పళ్లెం నాకు దొరికింది, తూకం 386 గ్రాములు. అంచు మీద చుక్కలు కొట్టి రాసిన పేరు ఉంది చూడండి. పెళ్లికి పెట్టే సామాన్ల మీద పేరు కొట్టించడం మన ఇళ్లలో ఆనవాయితీ కదా. ఇందులో ముందున్న ఇంటిపేరు అక్షరం పూర్తిగా చెరిగిపోయింది, తర్వాతి మూడు అక్షరాలను కంటితో చదవలేం, వేలితో తడిమితే తెలుస్తాయి, ఆఖరి అక్షరానికి కొమ్ము ఒక్కటే మిగిలింది. ఇప్పుడు పళ్లేన్ని తిరగేస్తున్నాను. అడుగున ఎవరూ తోమలేదు, కాబట్టి ఇక్కడ నలుపు బొగ్గులా ఉంది, కానీ ఆ నలుపు కింద పనివాడి ముద్ర నిన్న కొట్టినంత పదునుగా ఉంది. పేరును తిన్నది గంధకమైతే ఈ ముద్రను ఎందుకు వదిలిపెట్టింది? పేరు ఉన్న చోట ఏటేటా చెయ్యి పడింది, ముద్ర ఉన్న చోట పడలేదు. ఒక్కసారి తోమితే పోయేది మిల్లీగ్రాములే కావచ్చు, కానీ సంక్రాంతి, ఉగాది, వరలక్ష్మీ వ్రతం, దసరా అని లెక్కపెట్టుకుంటూ పోతే ఒక ఇంటిపేరు పోయింది.

మరో అనుభవం కూడా చెప్పి తీరాలి. మా అమ్మ మూత గిన్నెను నెల్లూరులో ఒక అంగట్లో మెరుగుకు ఇచ్చాను, పేరు చెప్పను. ఇచ్చినప్పుడు 412 గ్రాములు, తిరిగి వచ్చినప్పుడు 406. ఆరు గ్రాములు ఏమయ్యాయని అడిగితే, తరుగు సార్ అన్నారు. కొత్త వస్తువు చేసేటప్పుడు తరుగు ఉంటుంది, ఒప్పుకుంటాను, కడిగినందుకు కూడా తరుగేమిటి? ద్రావకంలో ముంచి, తిరిగే బఫింగ్ చక్రానికి పట్టిస్తే నలుపుతో పాటు కింద ఉన్న మంచి వెండి కూడా లేచిపోతుంది, దానికి వాళ్లు పెట్టుకున్న పేరు తరుగు. ఆ మాట అంటూనే, ఇది పాత రకం కదా, మార్చుకుని కొత్త మోడల్ తీసుకోండి అన్నారు. అందుకే నా సిద్ధాంతం ఇది, నచ్చకపోతే కింద తిట్టండి: నల్లటి వెండిని చూసి మనం పడే సిగ్గు మన ఇళ్లలో పుట్టినది కాదు, కౌంటర్ అవతల పుట్టింది. అద్దంలా మెరిసేదే వెండి అని మనల్ని నమ్మిస్తే మెరుగుకు ఒకసారి, తరుగుకు ఒకసారి, మార్పిడికి ఒకసారి మన జేబులోంచే తీయవచ్చు.

మరి ఈ పళ్లేనికి నేనేం చేశాను? ముందు కుంకుడుకాయ రసం కలిపిన గోరువెచ్చని నీళ్లతో జిడ్డు వదిలించి, మెత్తటి పాత నూలు బట్టతో తడి లేకుండా ఒత్తాను. తర్వాత మెత్తని కాల్షియం కార్బొనేట్ సుద్దను చుక్క నీటితో పేస్టులా కలిపి, దూదితో ఎత్తుగా ఉన్న భాగాల మీద మాత్రమే, ఒకే దిశలో, బరువు వేయకుండా నడిపాను. దూదికి బూడిద రంగు అంటుతోంది, చూడండి, అదీ వెండే, నేను కూడా కొంచెం పోగొడుతున్నాను, అందుకే ఒకసారితో ఆపేశాను. పల్లాల్లో నలుపును ముట్టుకోలేదు. టూత్‌పేస్టు, ఇటుక పొడి, పాత్రలు తోమే పీచు గురించి నన్ను అడగకండి. వెండి కాఠిన్యం మోస్ కొలతలో 3 కూడా దాటదు, ఇసుక రేణువుది 7, ఆ పీచు ఏం చేస్తుందో మీరే ఊహించుకోండి.

నకాషీ లేని సాదా పళ్లెం బొగ్గులా మారి ఉంటే ఫాయిల్ పద్ధతే వాడండి, నాకు అభ్యంతరం లేదు. కానీ గుల్ల పిడులున్న గిన్నెలను వేడి నీళ్లలో ముంచవద్దు, ఆ పిడుల లోపల లక్క నింపి ఉండవచ్చు, వేడికి అది మెత్తబడి పిడి ఊడుతుంది. ఇక సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు ముందు అడుగు చూడాలి. ఇంగ్లీషులో ఇ.పి.ఎన్.ఎస్. అనే నాలుగు అక్షరాలు కనిపిస్తే అది నికెల్ కలిసిన లోహం మీద వేసిన వెండి పూత, వెంట్రుక మందం కన్నా పలుచన. దాన్ని బఫింగ్‌కు ఇస్తే అంచుల్లో కింది లోహం బయటపడుతుంది, ఆ తర్వాత మళ్లీ పూత వేయించడం తప్ప దారి లేదు. జర్మన్ సిల్వర్ అని అమ్మేదాంట్లో వెండి అసలే లేదు, అది రాగి, జింకు, నికెల్. దాన్ని ఎంత తోమినా నాకు బాధ లేదు.

వడ్డించేటప్పుడు స్టీలు గరిటె గీతలు పెడుతుంది, నేను ఉదయగిరి కొయ్య గరిటెలు వాడుతున్నాను. చేపల పులుసు మరునాటికే రుచి అని నెల్లూరులో ఎవరికీ చెప్పనవసరం లేదు, కానీ ఆ రాత్రి అది మట్టి చట్టిలోనే ఉండాలి, ఎందుకంటే ఉప్పు వెండిని గుంటలు పెట్టి తింటుంది. గుంట పడితే సుద్దా పనిచేయదు, ఫాయిలూ పనిచేయదు.

ఇప్పుడు మళ్లీ పళ్లేన్ని మీ ముందే కాటా మీద పెడుతున్నాను. 386. ఈ కాటాకు గ్రాము కన్నా చిన్న తేడా అందదు, కాబట్టి పోయిన ఆ కాస్త వెండి ఇందులో కనిపించదు, అది నా దూదిలోనే ఉంది. అంచు మీద ఆ కొమ్ము పక్కనే, ఇందాక కనిపించని రెండు చుక్కలు ఇప్పుడు వెలుగు పడి కనిపిస్తున్నాయి.