కాకిపాదం నుంచి వీవీఎస్ దాకా

అందరికీ నమస్కారం.

వజ్రంలోని మచ్చల గురించి మాటల్లోకి దిగే ముందు ఒక పని. ముందు వరసలో వారికి ఒక భూతద్దం, పట్టకారు, చిన్న డబ్బాలో ఒక వజ్రపు రవ్వ ఇస్తున్నాను. చూసి పక్కవారికి అందించండి. అది చివరి వరస దాకా వెళ్లి నా దగ్గరికి తిరిగొచ్చేసరికి నా ప్రసంగం అయిపోతుంది. రాకపోతే మాత్రం తలుపులు వేయిస్తాను.

ఈ అద్దాన్ని రాళ్లు పరీక్షించే మా వాళ్లు లూప్ అంటారు. పది రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. చాలామంది రాయిని దూరంగా పెట్టి అద్దాన్ని రాయి దగ్గరికి తీసుకెళతారు. అలా కాదు. అద్దం కంటికి ఆనించాలి, రాయిని అద్దానికి అంగుళం దూరంలోకి తేవాలి. రెండు చేతులూ ఒకదానికొకటి ఆనించుకుంటే వణుకు తగ్గుతుంది. రెండో కన్ను మూయకండి, త్వరగా అలసిపోతారు.

పెళ్లి నగలకు ఏ షాపుకి వెళ్లినా "ఈఎఫ్, వీవీఎస్ అండీ" అన్న మాట వినిపిస్తుంది. వీవీఎస్ అంటే ఏమిటని అడిగితే "మచ్చ లేనిదండీ" అంటారు. ఈ, ఎఫ్ అన్నవి రంగుకి సంబంధించినవి, వాటిని ఇవాళ వదిలేద్దాం. వీవీఎస్ పూర్తి పేరు 'వెరీ వెరీ స్లైట్‌లీ ఇన్‌క్లూడెడ్'. అంటే లోపల ఏదో ఉంది, కాకపోతే చేయి తిరిగిన మనిషికి కూడా పదిరెట్ల అద్దంలో అది పట్టుకోవడం కష్టం. మచ్చ ఉందని ఆ పేరే ఒప్పుకుంటోంది, షాపువాడే ఒప్పుకోవడం లేదు.

మచ్చ ఎందుకుంటుంది? వజ్రం చాలావరకు భూమిలో నూట యాభై కిలోమీటర్లకు పైబడిన లోతులో పుడుతుంది. పెరిగేటప్పుడు పక్కనున్న ఖనిజాలను కూడా మింగేస్తుంది. ఎర్రటి గార్నెట్ పలుకు, ఆలివీన్, ఒక్కోసారి ఇంకో బుల్లి వజ్రం. ఆ తర్వాత పైకి వచ్చే దారిలో ఒత్తిళ్లకు లోపల చీలుతుంది. రాయిని పరీక్షించి ల్యాబ్ ఇచ్చే కాగితం మీద ఆ చీలికని 'ఫెదర్', ఈక, అంటారు. అద్దంలో చూస్తే నిజంగానే పావురం ఈకలా తెల్లగా మెరుస్తుంది. సన్నటి చుక్కలు గుంపుగా చేరితే 'క్లౌడ్', మబ్బు. నల్ల చుక్క కనిపిస్తే షాపుల్లో "కార్బన్ ఉందండీ" అని పక్కన పెట్టేస్తారు. నాకెప్పుడూ నవ్వొస్తుంది, వజ్రమంతా కార్బనే కదా! ఆ నల్లటిది గ్రాఫైట్ కావచ్చు, గంధకం కలిసిన ఖనిజం కావచ్చు.

వీటికి పేర్లు పెట్టడం అమెరికా వాళ్లతో మొదలవలేదు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రపరీక్ష చెబుతూ కాకిపాదం, ఈగ, వెంట్రుక లాంటి గుర్తులున్న రాయి మంచిది కాదన్నాడు. చీలిక మూడు పాయలైతే అచ్చం కాకి అడుగులాగే ఉంటుంది. చూసిన కన్ను గట్టిదే. కాకపోతే ఆ శాస్త్రం అడిగేది, పెట్టుకున్నవాడికి శుభమా అశుభమా అని. ఎంత పెద్దది చేసి, ఏ వెలుతురులో చూడాలన్న కొలత అందులో లేదు.

ఆ కొలత పెట్టింది జీఐఏ, అంటే జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా. రాబర్ట్ షిప్లీ 1931లో లాస్ ఏంజిలెస్‌లో మొదలుపెట్టిన సంస్థ. 1953లో రిచర్డ్ లిడికోట్, ఆయన తోటివారు మచ్చలను బట్టి మెట్లు కట్టారు, దాన్నే క్లారిటీ గ్రేడ్ అంటారు. ఇప్పుడు పదకొండు మెట్లున్నాయి. పైన ఫ్లాలెస్, అంటే లోపలా పైనా మచ్చ లేనిది, దాని కింద ఇంటర్నల్లీ ఫ్లాలెస్, అంటే లోపల లేనిది, తర్వాత వీవీఎస్, వీఎస్ (వెరీ స్లైట్‌లీ ఇన్‌క్లూడెడ్), ఎస్ఐ (స్లైట్‌లీ ఇన్‌క్లూడెడ్) తలా రెండు, అడుగున ఐ మూడు. ఈ చివరి ఐని మొదట్లో ఇంపర్‌ఫెక్ట్ అనేవారు, తర్వాత మర్యాదగా ఇన్‌క్లూడెడ్ అన్నారు. రాయి మారలేదు, పిలుపు మారింది. కొందరు మధ్యలో ఎస్ఐ3 అని ఇంకో మెట్టు చెక్కారు. జీఐఏ మెట్లలో అది లేదు, కాగితం మీద కనిపిస్తే ఆ కాగితం ఎవరిదో చూసుకోండి.

ఏ మెట్టన్నది ఎలా తేలుస్తారు? మచ్చ ఎంత పెద్దది, ఎన్ని ఉన్నాయి, ఎక్కడుంది, ఏ రకం, ఎంత కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది, ఈ ఐదూ చూస్తారు. మెషీన్ తేల్చే లెక్క కాదిది. మైక్రోస్కోపులో వెదికి, పదిరెట్ల దగ్గర తీర్పు చెప్పేది మనిషి. అందుకే ఒకరికి మించి చూస్తారు, రాయి ఎవరిదో చూసేవారికి చెప్పరు.

ఐదింటిలో నన్ను అడిగితే 'ఎక్కడుంది' అన్నదే అసలైనది. రవ్వ పైభాగంలో నడిమధ్య పెద్ద చదును ముఖం ఉంటుంది, దాన్ని టేబుల్ అంటారు. చిన్న గార్నెట్ పలుకు దాని కిందున్నా కంటికి గుచ్చుకుంటుంది. అదే పలుకు అంచు దగ్గరుంటే రాయిని పట్టి ఉంచే బంగారు పంజా కింద దాగిపోతుంది. ఇంకొక చోటుంది. కింది మొన వైపు, కోతల మధ్య ఒక్క చుక్క ఇరుక్కుందనుకోండి, చుట్టూ ఉన్న ముఖాలు అద్దాలై దాన్ని ఆరేడు చుక్కలు చేసి చూపిస్తాయి. ఉన్నది ఒకటే, కనపడేది గుంపు. తీర్పు చెప్పేవారు ఆ ప్రతిబింబాలను కూడా లెక్కలోకి తీసుకుంటారు. అంచు దాకా వచ్చిన పెద్ద ఈక సంగతి వేరు. అక్కడ అందం పోవడం కాదు భయం, గట్టిగా తగిలితే రాయి అక్కడ చిట్లుతుంది.

పూర్తి రిపోర్టులో రాయి బొమ్మ ఉంటుంది. లోపలివి ఎర్ర సిరాతో, పైపైవి ఆకుపచ్చతో గుర్తులు పెడతారు. ఆ బొమ్మ విలువ నాకు మా పిన్ని వల్ల తెలిసింది. పిన్ని తన ఉంగరాన్ని మెరుగుకిచ్చి తెచ్చుకుంది. ఇంటికొచ్చాక పట్టుకుంది. "మార్చేశారే, ఇది నా రాయి కాదు. నాది ఇంత మెరిసేది కాదు." అర్ధరాత్రి దాకా నిద్రపోలేదు. పొద్దున్నే లూప్, కాగితం పట్టుకుని వెళ్లాను. బొమ్మలో ఏడు గంటల దిక్కున ఒక ఈక, దాని పక్కన రెండు చుక్కలు. రాయిని తిప్పాను. ఏడు గంటల దిక్కున ఈక, రెండు చుక్కలు. పదేళ్ల సబ్బు జిడ్డు పోయిందంతే. మచ్చ లేని రాయైతే ఆమెను ఎలా ఒప్పించేదాన్నో తెలియదు.

కాగితంలో అందరూ వదిలేసే చోటు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. 'క్లారిటీ గ్రేడ్ బొమ్మలో చూపని మబ్బుల ఆధారంగా ఇవ్వబడింది' అన్న అర్థంలో ఒక వాక్యం కనిపిస్తే ఆగండి. మబ్బు రాయంతా పరుచుకుని ఉండొచ్చు. అలాంటి ఎస్ఐ కంటే, అంచున ఒక పలుకున్న ఎస్ఐ మేలు. రెండింటి కాగితం మీద ఒకే మాట, వేలి మీద రెండు వేరు రాళ్లు.

ఏడు రాళ్ల కమ్మలు కొనేవారికి ఒక మాట. పది సెంట్ల, అంటే కేరట్‌లో పదో వంతు రాయిలో వీవీఎస్‌కీ వీఎస్‌కీ తేడాని చెవి మీద చూడగలిగినవారు నాకు ఇంతవరకూ తగల్లేదు. బిగించిన రాయిని ఏ ల్యాబూ పూర్తిగా చూడలేదు, పంజాలు అడ్డం. హాల్‌మార్క్ ఉంది కదా అంటారు. అది బంగారం మాటే చెబుతుంది, రాయి ఊసెత్తదు. చీలికల్లో గాజులాంటి పదార్థం నింపిన రాళ్లూ ఉంటాయి. అటూ ఇటూ తిప్పితే చీలిక దగ్గర రంగు తళుక్కుమంటుంది. రిపేరుకిస్తే కంసాలి మంటకు ఆ నింపుడు పాడవుతుంది, వాటికి జీఐఏ గ్రేడ్ ఇవ్వదు. ల్యాబ్‌లో పెంచిన వజ్రాలకు కూడా 2025లో ఈ వీవీఎస్, వీఎస్ మాటలు మానేసి ప్రీమియం, స్టాండర్డ్ అని రెండే పెట్టుకుంది. అవి దాదాపు అన్నీ పై మెట్ల మీదే వస్తుంటే, అన్ని మెట్లు ఎందుకన్నమాట.

మనూరి సంగతొకటి. పల్నాడు కొల్లూరు గనులు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉన్నాయి. హోప్ అనే నీలి వజ్రం అక్కడిదేనంటారు చరిత్రకారులు. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే తీసుకెళ్లి ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి అమ్మిన రాయిలోంచి చెక్కింది. 45.52 కేరట్లు. 1958 నుంచి వాషింగ్టన్ స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. దాని ముందు జనం గుంపులు కడతారు. జీఐఏ తేల్చిన దాని క్లారిటీ ఎంతో తెలుసా? వీఎస్1. లోపల తెల్లటి చారలున్నాయి. మన పెళ్లివారి లెక్కలో అది పక్కన పెట్టేసే సరుకే.

డబ్బా తిరిగొచ్చింది, సంతోషం. నల్ల చుక్కలు చూసినవారు చేతులెత్తండి. అబ్బో, సగం హాలు! అంచున తెల్ల పలుకు చూసినవారు? నలుగురు. ఇది ఎస్ఐ1. ఆ నలుగురు చూసిందే దాని మచ్చ. తక్కినవారు చూసింది మన వేళ్ల దుమ్ము. నా జేబులో గుడ్డ ఉంది, మొదట్లో ఇవ్వకుండా కావాలనే దాచాను. ఇదిగో తుడుస్తున్నాను, ఇంకోసారి చూడాలనుకునేవారు ముందుకు రండి.