యూనిఫారం లేని పది నెలలు

(హైదరాబాద్‌లోని మా స్టూడియోలో జరిగిన చర్చకు అక్షర రూపం. టెరిటోరియల్ ఆర్మీ పటాలానికి కమాండింగ్ ఆఫీసర్‌గా చేసి రిటైరైన ఒక కల్నల్ ఇందులో పాల్గొన్నారు. అదే సైన్యంలో హవల్దార్‌గా పనిచేసి ఇప్పుడు బాలానగర్‌లో లేత్ మెషీన్ నడుపుతున్న సిద్దిపేట జిల్లా వాసి, మాదాపూర్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో హెచ్ఆర్ మేనేజర్‌గా ఉన్న ఒక మహిళ కూడా వచ్చారు. వారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.)

సంధానకర్త: అందరికీ నమస్కారం. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. టెరిటోరియల్ ఆర్మీలోని ప్రతి అధికారినీ, ప్రతి జవాన్‌నూ అవసరమైతే విధుల్లోకి పిలిచే అధికారం సైన్యాధిపతికి అప్పగించింది. ఆ వారమంతా మా ఆఫీసుకు ఫోన్లే ఫోన్లు. "టెరిటోరియల్ ఆర్మీ అంటే ధోనీ ఉన్నదేనా?" అని అడిగినవాళ్లే ఎక్కువ. అక్కడి నుంచే మొదలుపెడదాం, కల్నల్ గారు.

కల్నల్: ధోనీది 2011లో ఇచ్చిన గౌరవ హోదా. 2019లో వెళ్లి కశ్మీర్‌లో కొన్నాళ్లు పటాలంతో ఉన్నారు కూడా. ఆయన వల్ల పేరు నలుగురికీ తెలిసింది, సంతోషమే. కానీ ఈ సైన్యం నిలబడింది పేరులేని వాళ్ల మీద. 1948లో చట్టం వచ్చింది. 1949 అక్టోబర్ 9న అప్పటి గవర్నర్ జనరల్ రాజాజీ లాంఛనంగా ప్రారంభించారు. ఉద్యోగమో వ్యవసాయమో చేసుకునే మనిషి ఏటా కొన్నాళ్లు శిక్షణకు వస్తాడు, దేశానికి అవసరమైనప్పుడు యూనిఫారం వేసుకుంటాడు. 1962, 1965, 1971 యుద్ధాలు మూడింట్లోనూ మావాళ్లు ఉన్నారు. విధుల్లోకి తీసుకోవడాన్ని ఎంబాడీ చేయడం అంటాం. తిరిగి ఇంటికి పంపితే డిస్‌ఎంబాడీ.

హవల్దార్: ఆ రెండో మాట ఇంటేనే మా ఇండ్లల్ల గుండె జారుతది సార్.

సంధానకర్త: ఎందుకన్నా?

హవల్దార్: ఎంబాడీ ఉన్నన్ని దినాలు జీతం వస్తది, ర్యాంకు ఉంటది, క్యాంటీన్ ఉంటది. డిస్‌ఎంబాడీ అయినంక మళ్ల పాత మనిషివే. నేను తొమ్మిది మంది సెక్షన్‌ను నడిపించినోణ్ని. సోమవారం పొద్దుగాల లేత్ కాడ నిలబడ్డ. మా సేటు వచ్చి "బుష్షులు ఎన్ని అయినయి?" అని అడిగిండు. ఆయన తప్పేం లేదు, పని పనే. కని మనసు సర్దుకునేటందుకు నాకు చానా దినాలు పట్టింది. నాకింద ఉన్న పోరగాండ్లకు ఇంకెట్లుంటదో అప్పుడు సమజైంది.

సంధానకర్త: ఇవాళ మనం మాట్లాడుకోవాల్సింది సరిగ్గా దీని గురించే. సంస్థలో మార్పు వస్తున్నప్పుడు, అంటే పాత్ర మారడమో, రద్దవడమో, హఠాత్తుగా పిలుపు రావడమో జరిగినప్పుడు, పూర్తికాలం సైనికులు కాని వీళ్లను నడిపించేదెవరు? కల్నల్ గారు, మన నగరంలోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది కదా.

కల్నల్: ఉంది. రైల్వే ఉద్యోగులతో నడిచే టెరిటోరియల్ ఆర్మీ రెజిమెంట్లు ఆరు ఉండేవి. వాటిలో ఐదింటిని ఎత్తేయాలని 2021లో నిర్ణయమైంది. ఝాన్సీ, కోటా, ఆద్రా, చండీగఢ్, మన సికింద్రాబాద్. జమాల్‌పూర్‌ది ఒక్కటే ఉంచారు, సిలిగురి నడవా మీదుగా ఈశాన్యానికి వెళ్లే రైలు మార్గం కోసం. ఆ నిర్ణయం మంచిచెడ్డల జోలికి నేను వెళ్లను. ఒక యూనిట్‌కు కాలం తీరిందని సైన్యం అనుకోవచ్చు. కానీ పట్టాలూ తెలిసి, రైఫిలూ తెలిసిన మనిషి దొరకడం కష్టం. అలాంటివాళ్ల జట్టు విడిపోయేటప్పుడు చివరి రోజు వరకూ దాన్ని మర్యాదగా నడిపించడం యుద్ధంలో నడిపించడం కంటే తేలికేమీ కాదు. రేపు ఉండని యూనిట్ కోసం ఇవాళ బూట్లు పాలిష్ చేయించాలి.

సంధానకర్త: మీరు రెగ్యులర్ ఆర్మీ నుంచి వచ్చి టెరిటోరియల్ ఆర్మీ (టీఏ) పటాలం చేపట్టారు. అక్కడ మీకు ఎదురైన తేడా ఏమిటి?

కల్నల్: మొదటి ఏడాది నేను చేసిన తప్పు చెబుతాను. వచ్చిన నెలకే వార్షిక శిక్షణ క్యాంపు తేదీలు మార్చాను. ఎండాకాలంలో ఫైరింగ్ రేంజ్ మీద మనుషులు సొమ్మసిల్లుతున్నారు కదా, జూన్ మధ్యకు జరిపితే సరిపోతుందనుకున్నాను. ఉత్తర్వు చదివి వినిపించాను. ఎవరూ మాట్లాడలేదు. రెగ్యులర్ పటాలంలో ఆ నిశ్శబ్దానికి అర్థం సమ్మతి. ఇక్కడ అది వేరు. వెనక వరుసలోంచి నాయక్ ర్యాంకు జవాన్ ఒకడు లేచాడు. "సార్, అప్పుడు మిరుగం వస్తది" అన్నాడు.

హవల్దార్: మృగశిర. నాట్లకు తయారైతరు.

కల్నల్: అవును. నాకు కోపం వచ్చింది, దాచను. ఉత్తర్వు ఇచ్చాక కార్తెలు చెబుతాడేమిటని. ఆ రాత్రి ముస్టర్ రోల్, అంటే హాజరు పట్టీ తీసి చూస్తే సగానికి పైగా సాగుదార్లే. వాళ్లను జూన్‌లో పిలిస్తే మనిషి క్యాంపులో, మనసు మడిలో ఉంటుంది. పొద్దున్నే ఆ నాయక్‌ను పిలిచి, "నీకు నాలుగు రోజులు ఇస్తున్నాను, ఎవరు ఎప్పుడు రాగలరో ఊరూరా వాకబు చేసి బ్యాచులు నువ్వే వేయి" అన్నాను. మూడో రోజుకే తెచ్చాడు. రెండు బ్యాచులు వేశాడు. వ్యవసాయం లేనివాళ్లు ముందు, ఉన్నవాళ్లు కోతలయ్యాక. ఒకే ఇంటి అన్నదమ్ములను వేర్వేరు బ్యాచుల్లో పెట్టాడు, పశువులను చూసేవాడు ఒకడుండాలని. అది నాకు ఏ స్టాఫ్ కోర్సులోనూ తట్టలేదు.

సంధానకర్త: చొరవ అంటే అదే అంటారా?

కల్నల్: ముందు దాని వెనక ఉన్న కారణం చూడండి. టీఏ పటాలానికి కమాండింగ్ ఆఫీసరూ, శిక్షణ ఇచ్చే పర్మనెంట్ స్టాఫూ సాధారణంగా రెగ్యులర్ ఆర్మీ నుంచి వస్తారు. రెండు మూడేళ్లు ఉండి బదిలీ మీద వెళ్లిపోతారు. పటాలంతో పాటు వయసు పెరిగేది ఈ పార్ట్‌టైం మనుషులకే. అంటే సంతకం చేసేవాడు కొత్తవాడు, సంగతి తెలిసినవాడు ఏడాదిలో ఎక్కువకాలం పొలంలోనో ఫ్యాక్టరీలోనో ఉంటాడు. మార్పు వచ్చినప్పుడు ఈ ఇద్దరి మధ్యా మాట నడవకపోతే ఎంత మంచి ఉత్తర్వు అయినా కాగితంగానే మిగులుతుంది.

హవల్దార్: ఒక మాట అంటా సార్, ఏమనుకోవద్దు. మమ్మల్ని చొరవ చూపమంటరు. కాగితం మాత్రం ఆఖరుకు చూపిస్తరు. ఏం జరగవోతుందో ముందుగాల చెప్తే మేం సగం పని ఇంటికాన్నే చేసుకుంటం.

కల్నల్: ఒప్పుకుంటాను. భద్రత పేరు చెప్పి మేం దాచేవాటిలో చాలావరకు దాచాల్సిన అవసరమే లేదు.

సంధానకర్త: మేడం, మీరు కంపెనీ వైపు నుంచి చూశారు. మీ దగ్గర పనిచేసే ఇంజనీర్ ఒకరు టీఏ అధికారి.

హెచ్ఆర్ మేనేజర్: అవును. అతను మొదటిసారి రెండు నెలల శిక్షణకు సెలవు అడిగినప్పుడు నేను ఇవ్వనన్నాను. మా సెలవుల సాఫ్ట్‌వేర్‌లో అలాంటి ఆప్షనే లేదు. పెళ్లికి ఉంది, ప్రసూతికి ఉంది, దీనికి లేదు. అతను గొడవ పెట్టుకోలేదు. మరుసటి రోజు టెరిటోరియల్ ఆర్మీ చట్టంలోని సెక్షన్ 7ఏ ప్రింట్ తీసి నా టేబుల్ మీద పెట్టాడు. సైనిక విధికి వెళ్లొచ్చిన మనిషిని యజమాని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలి, షరతులు ముందున్నవాటికి తగ్గకూడదు. అది చదివి నాకు సిగ్గేసింది. పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఆ సెక్షన్ ఉందనే తెలియదు.

కానీ నేను అసలు చెప్పాలనుకున్నది వేరే. రెండేళ్ల తర్వాత మా కంపెనీలో రెండు టీములు కలిపేశారు. మూడు వారాల పాటు ఎవరికి మేనేజర్ ఎవరో తెలియదు. జనం క్యాంటీన్‌లో గుసగుసలాడుతూ రెజ్యూమెలు పంపుకుంటున్నారు. అతనికి ఏ హోదా పెరగలేదు, ఎవరూ చెప్పలేదు. రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు తన వరుసలో కూర్చునే పదకొండు మందినీ నిలబెట్టి పది నిమిషాలు మాట్లాడేవాడు. "నిన్నటి నుంచి నాకు కొత్తగా తెలిసింది ఇది. ఇది తెలియదు. రేపు ఇదే టైంకు మళ్లీ చెబుతా." అంతే. కొన్ని రోజులు "కొత్తగా ఏమీ లేదు" అని చెప్పడానికి కూడా నిలబెట్టాడు. ఆ మూడు వారాల్లో వేరే వరుసల్లోంచి రాజీనామాలు వచ్చాయి, ఆ వరుసలోంచి ఒక్కటీ రాలేదు. ఎక్కడ నేర్చుకున్నావంటే క్యాంపులో సాయంత్రం హాజరు తీసుకునే రోల్‌కాల్‌లో అన్నాడు.

సంధానకర్త: హవల్దార్ గారూ, మీరు కూడా రోల్‌కాల్ అన్నారు, చర్చకు ముందు.

హవల్దార్: నాది ఫోన్ల రోల్‌కాల్. డిస్‌ఎంబాడీ అయినంక మా సెక్షన్ల తొమ్మిది మందికి ఒక రూల్ పెట్టుకున్నం. ఐతారం సాయంత్రం ఏడింటికి అందరికి ఫోన్ చేస్త. రెండు నిమిషాలు. ఏం చేస్తున్నవ్, ఎక్కడున్నవ్, ఇంట్ల ఎట్లున్నరు. ఒక బుక్కుల రాసిపెడ్త. ఎవ్వరు చెప్పలే నాకు, జీతం లేదు దీనికి. కని పిలుపు వస్తే లెటర్ పాత అడ్రసుకు పోతది. మా పోరగాండ్లు బతుకుదెరువుకు ఇండ్లు మారుస్తరు, సిమ్ములు మారుస్తరు. ఒకడు దుబ్బాక నుంచి ఉప్పల్‌కు వచ్చి ఆటో నడుపుతుండె.

ఇంకొక పిల్లగాడు వరుసగ మూడు ఐతారాలు ఎత్తలే. స్విచాఫ్. నాలుగో ఐతారం బండేసుకోని వాళ్లూరికి పోయిన. వాకిట్ల మంచం మీద పండుకోని ఉన్నడు, గడ్డం పెరిగింది. ఫైనాన్స్‌ల తెచ్చి బోరు ఏసిండు, నీళ్లు పడలే. వసూలుకొచ్చెటోళ్లకు భయపడి ఫోన్ బంద్ చేసిండు. నేనేం తిట్టలే. వాళ్లమ్మ చాయ్ పెట్టింది, తాగినం. తెల్లారి ఇద్దరం కలిసి ఆ ఫైనాన్సాయన కాడికి పోయి, నెలకు ఎంత కడ్తడో కాగితం మీద రాయించినం. ఆయన కూడ మనిషే, ఒప్పుకున్నడు. ఆర్నెల్లకు మాకు పిలుపొచ్చింది. తొమ్మిది మందిల ఎనిమిది మంది గేటు కాడ ఉన్నరు. ఆ పిల్లగాడు నాకంటె ముందుగాల వచ్చిండు. తొమ్మిదో ఆయన తల్లి దవాఖానల ఉండె. అది నేను అడ్జుటెంట్ సార్‌కు పొద్దుగాలనే చెప్పిన. గైర్‌హాజర్ పడలే ఆయనకు.

కల్నల్: ఇదంతా ఏ వార్షిక నివేదికలోనూ ఉండదు. పటాలం హాజరు బాగుందని మెచ్చుకోలు వస్తే అది నా పేరు మీద వస్తుంది.

సంధానకర్త: ఇప్పుడు యజమానుల విషయం. బ్రిటన్‌లో కూడా టెరిటోరియల్ ఆర్మీ ఉండేది, దాన్ని మార్చారు కదా?

కల్నల్: 2013లో శ్వేతపత్రం తెచ్చారు, 2014లో పేరు ఆర్మీ రిజర్వ్ అని మార్చారు. శిక్షణ పొందిన 30,000 మంది ఉండాలని లక్ష్యం. చిన్న సంస్థల్లో పనిచేసే రిజర్విస్టును విధుల్లోకి పిలిస్తే, ఆ యజమానికి నెలకు 500 పౌండ్ల వరకు ఇస్తామన్నారు. మనిషి లేని లోటు ఎవరు భరిస్తున్నారో గుర్తించారన్నమాట.

హెచ్ఆర్ మేనేజర్: మాలాంటి పెద్ద కంపెనీకి ఆ డబ్బు అక్కర్లేదు, మాకు కావాల్సింది ముందస్తు సమాచారం. ఈయన సేటు లాంటివాళ్లకు మాత్రం...

హవల్దార్: మా షెడ్డుల ఆరుగురమే మేడం. నేను పోతే ఒక మెషీన్ బందే. మా సేటు ఏనాడు వద్దనలే. పోయినప్పుడల్ల రాత్రి డ్యూటీ ఆయనే చేసుకున్నడు, షుగర్ పెట్టుకోని. చట్టం నాకు అండగ ఉంది, ఆయనకేముంది? ఇది అడుగుడు నా బాధ్యత అనుకుంటున్న. నాతోని పాటు ఆయన కూడ దేశానికి ఇస్తున్నట్టే కద.

కల్నల్: ప్రస్తుత ఉత్తర్వు 2028 ఫిబ్రవరి 9 వరకు అమల్లో ఉంటుంది. 32 ఇన్‌ఫాంట్రీ (పదాతిదళ) పటాలాల్లో 14ను ఎంబాడీ చేసే ఏర్పాటు అందులో ఉంది. అలాంటప్పుడు ఎన్ని షెడ్లలో ఎన్ని మెషీన్లు ఆగుతాయో లెక్క వేయాల్సిందే. ఈయన అడిగింది సరైన ప్రశ్న, నా దగ్గర జవాబు లేదు.

సంధానకర్త: ప్రేక్షకుల్లోంచి కోఠి కాలేజీ విద్యార్థిని ఒకరు చేయెత్తారు. చెప్పమ్మా.

విద్యార్థిని: సార్, అమ్మాయిలు చేరొచ్చా? మా ఇంట్లో అడిగితే ఇది మగవాళ్లకే అన్నారు.

కల్నల్: చేరొచ్చు తల్లీ. చట్టంలో "ఏ వ్యక్తి అయినా" అని ఉంటే, ఆ మాటలో స్త్రీలు కూడా ఉంటారని 2018లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. ఆఫీసర్‌గా రావాలంటే డిగ్రీ పూర్తి చేసి, ఏదో ఒక ఉపాధిలో ఉండాలి. రాత పరీక్ష ఉంటుంది, తర్వాత ఎస్‌ఎస్‌బీ, అంటే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూ. ముందు ఉద్యోగం సంపాదించు, అది అడ్డు కాదు, అర్హత.

సంధానకర్త: మేడం, మీరేదో అడగబోయారు.

హెచ్ఆర్ మేనేజర్: అన్నా, ఆ బుక్కు తెచ్చారా? ఒకసారి చూడొచ్చా?

హవల్దార్: ఇగో, జేబుల్నే ఉంది. ఇటు పేరు, ఊరు. ఇది ఫోన్ నంబర్, కొట్టేసి కొట్టేసి రాసినయి. ఇది తారీఖు.

హెచ్ఆర్ మేనేజర్: ఈ చివరి గడి ఏంటి? కొన్ని ఆడవాళ్ల పేర్లున్నాయి.

హవల్దార్: అవి వాళ్లమ్మలయి, భార్యలయి. పిలుపొస్తే ముందుగాల ఎవరికి చెప్పాల్నో వాళ్ల పేర్లు. పిల్లగాడు ఊకెనే తయారైతడు మేడం. ఇంట్ల మనిషికి రెండు దినాలు ముందు నేను ఫోన్ చేసి మాట్లాడ్త. ఈమెకు పోయిన ఐతారం బిడ్డ పుట్టింది. అందుకే ఈడ సున్న చుట్టిన, మూడు నెలల దాక ఆయన పేరు లిస్టుల ఆఖరుకు రాయమని సార్‌ను అడుగుదామని.