టేపు లేకుండా కిమోనో కొంటే

శ్రోతలందరికీ నమస్కారం.

జపాన్‌లోని క్యోటోలో తోజి అనే పాత గుడి ఉంది. ప్రతి నెలా 21న ఆ గుడి ఆవరణలో పెద్ద సంత. 25న అదే ఊళ్లో కితానో తెన్‌మాన్‌గూ గుడి దగ్గర ఇంకోటి. రెండు చోట్లా పాత కిమోనోలు, అంటే ముందువైపు ఒక అంచు మీద ఇంకో అంచు వేసి కట్టుకునే జపాన్ సంప్రదాయ బట్టలు, గుట్టలు పోసి అమ్ముతారు. మంచి పట్టు కిమోనో కొత్తది కొనాలంటే లక్షల యెన్‌లు కావాలి. ఇక్కడ మూడు వేలకి కూడా దొరుకుతుంది.

నేను మొదట వెళ్లింది 21న. గుట్టలో చెయ్యి పెట్టి వెతుకుతుంటే మెత్తగా ఒక ఆకుపచ్చ పట్టు తగిలింది. పైకి లాగితే కర్పూరం వాసన. లోపలి లైనింగ్ కుంకుమంత ఎరుపు. పైకి ఎవరికీ కనపడని చోట అంత రంగు! నాకు మతిపోయింది. కోటు మీదే వేసుకుని, కుడి అంచు పైకి తెచ్చాను. అమ్మే పెద్దావిడ గబగబా వచ్చి, ఒక్క మాట అనకుండా, ఎడమ అంచు పైకి మార్చేసింది. కుడి అంచు పైకి వేసేది చనిపోయినవాళ్లకట. సిగ్గుపడిపోయి, ఇంకేమీ చూడకుండా డబ్బులిచ్చేశాను.

గదికి వచ్చి అద్దం ముందు చేతులు చాపితే ఏముంది? కిమోనో చేతులు నా మణికట్టుకి బెత్తెడు దూరంలోనే ఆగిపోయాయి.

తప్పు కిమోనోది కాదు, టేపు పట్టుకెళ్లని నాది. కిమోనో గుడ్డ సన్నటి తానుగా వస్తుంది, వెడల్పు సుమారు 36 సెంటీమీటర్లు. వీపు మధ్యలో ఒక కుట్టు. అక్కడి నుంచి ఒక వెడల్పు ఒంటికి, ఇంకో వెడల్పు చేతికి. అంతే, ఆపైన గుడ్డ లేదు! ఆడవాళ్ల కిమోనో పొడవు ఎక్కువైతే నడుం దగ్గర మడిచి కట్టుకుంటారు, అదే పద్ధతి. పొడవుతో సర్దుకోవచ్చు, చేతులతో కుదరదు. కుట్టు లోపల మడత ఉంటే విప్పి కాస్త పెంచుతారు కానీ, పాత మడత గీత రంగు తేడాగా కనిపిస్తూనే ఉంటుంది.

అందుకే ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: యుకి. వీపు మధ్య నుంచి మణికట్టు దాకా కొలతని వాళ్లు అలా అంటారు. చెయ్యి పక్కకి కాస్త ఎత్తి, మెడ వెనక ఎముక నుంచి భుజం మీదుగా మణికట్టు ఎముక దాకా టేపు పెట్టించుకోండి. ఆ అంకె కాగితం మీద రాసుకుని వెళ్లండి. కిమోనోకైతే మెడ వెనక నడిమి కుట్టు నుంచి చేతి అంచు దాకా కొలవాలి. ఒకటి రెండు సెంటీమీటర్లు తక్కువైనా ఫర్వాలేదు. యుకి కుదిరాకే రంగు చూడండి. నాలాగా రంగు చూసి పడిపోవద్దు!

అన్నట్టు, ఆ పాత ఎర్ర లైనింగ్‌కి తడి తగిలితే రంగు దిగుతుంది. నేను చిన్న మరక తుడవబోయి, రుమాలు గులాబీ రంగు చేసుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత 25న కితానో సంతకి వెళ్లాను. ఈసారి జేబులో టేపు. "యుకి 66" అన్నాను. అక్కడి ఆవిడ గుట్ట వైపు చూడనే లేదు. వెనక డబ్బాలోంచి ముదురు నీలం రంగుది తీసి, తన మెడలో వేలాడుతున్న టేపుతోనే కొలిచి చూపించింది. 65.