అయిదు రెట్ల మాటలో నిజమెంత: ట్రోలింగ్ మోటారు, బ్యాటరీ లెక్క

అందరికీ నమస్కారం.

భోజనాల ముందు బ్యాటరీల మీద ప్రసంగం పెట్టిన మన కార్యవర్గం ధైర్యానికి దండం పెట్టాలి. తొందరగానే వదిలేస్తాను. గాలం వేసే పడవని నెమ్మదిగా నడిపే చిన్న బ్యాటరీ మోటారే ట్రోలింగ్ మోటారు. అందులో వేరియబుల్ స్పీడ్ రకం, అంటే వేగాన్ని ఎంతకైనా సవరించుకోగలిగేది, కొంటే బ్యాటరీ అయిదు రెట్ల దాకా ఎక్కువసేపు వస్తుందని ప్రకటనలు చెబుతాయి. అందులో నిజమెంతో చూద్దాం.

లూయిస్‌విల్, రే రాబర్ట్స్, లేక్ ఫోర్క్... మన టెక్సస్‌లోని ఈ లేకుల్లో గాలం వేసినవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారని నాకు తెలుసు. పడవ కొన్నాక అందరూ అడిగేది ఒకటే: వేరియబుల్ స్పీడ్ మోటారుకి అంత ఎక్కువ పెట్టడం దండగ కాదా అని. నేనూ అలాగే అనుకుని సెకండ్ హ్యాండ్‌లో పాతది కొన్నాను. 12 వోల్టులు, 55 పౌండ్ల థ్రస్ట్ (పడవని నెట్టే బలం), పిడి తిప్పితే టకటకమని అయిదు స్పీడులు.

ఏప్రిల్‌లో ఒక శనివారం రే రాబర్ట్స్‌లో దిగాం. పొద్దున దక్షిణపు గాలి వీపున తగులుతుంటే హాయిగా పోయాం. చేపలు పడుతున్నాయి, మూడులో పెట్టి తిరుగుతూనే ఉన్నాం. పన్నెండింటికి పడవ తిప్పితే గాలి ఎదురు. అయిదులో పెట్టాను. పది నిమిషాలకి మోటారు మూలగడం మొదలెట్టింది. ఇంకాసేపటికి ప్రొపెల్లర్ రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదైంది. మిగతా దారంతా ఒక్క తెడ్డుతోనే. కొల్లేట్లో గెడేసి తాటిదోనె తోసిన మా నాన్న చూసుంటే కడుపుబ్బా నవ్వేవాడు.

ఉద్యోగంలో నా పని మోటారు కంట్రోలర్లే. అయినా ఆ రోజు దాకా నా మోటారు విప్పి చూడలేదు. విప్పితే లోపల చుట్టలు చుట్టిన రెసిస్టెన్స్ తీగ.

మీలో నలభై దాటినవాళ్లకి సీలింగ్ ఫ్యాన్ పాత రెగ్యులేటర్ గుర్తుండాలి. స్విచ్ బోర్డు మీద అరచెయ్యంత డబ్బా. రాత్రి ఫ్యాన్ ఒకటిలో పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి ఆ డబ్బా వెచ్చగా ఉండేది. ఫ్యాన్‌కి అందకుండా ఆపిన కరెంటంతా అక్కడ వేడైపోయేది. అయిదు స్పీడుల ట్రోలింగ్ మోటారులో జరిగేదీ అదే. కాకపోతే చాలా మోడళ్లలో ఆ తీగ నీళ్లలో మునిగుండే భాగంలో ఉంటుంది, అందుకని చేతికి వేడి తెలియదు. నా బ్యాటరీతో పొద్దుటినుంచి నేను లేక్‌కి నీళ్లు కాస్తున్నానన్నమాట.

వేరియబుల్ స్పీడ్ మోటారులో ఆ తీగ ఉండదు. బదులుగా ఒక ఎలక్ట్రానిక్ స్విచ్ కరెంటుని సెకనుకి వేల సార్లు వేసి తీస్తుంటుంది. దీన్ని పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అంటారు. సగం సమయం వేసి సగం సమయం తీస్తే మోటారుకి అందేది సగటున 6 వోల్టులు. తీసిన క్షణంలో కూడా మోటారు చుట్టల్లో కరెంటు తిరుగుతూనే ఉంటుంది. బ్యాటరీకి మాత్రం అంతసేపూ విశ్రాంతి.

ఇప్పుడు అంకెలు. 55 పౌండ్ల మోటారు ఫుల్ స్పీడులో దాదాపు 50 ఆంపియర్లు లాగుతుంది, అంటే 600 వాట్లు. ప్రొపెల్లర్ వేగం సగానికి తగ్గిస్తే కావలసిన పవర్ సగం కాదు, ఎనిమిదో వంతు: 75 వాట్లు. సగం వేగానికి సగం వోల్టులు చాలు కాబట్టి, 6 వోల్టుల దగ్గర పన్నెండున్నర ఆంపియర్లు. పాత మోటారులో ఆ పన్నెండున్నరా 12 వోల్టుల బ్యాటరీ నుంచే రావాలి కాబట్టి ఖర్చు 150 వాట్లు, అందులో సగం తీగలో వేడి. కొత్తదానిలో బ్యాటరీ ఇచ్చేది ఆరూ పావు ఆంపియర్లే. సగం వేగంలో లాభం రెండు రెట్లు. పావు వేగంలో ఇదే లెక్క వేస్తే నాలుగు రెట్లు. అయిదో వంతు వేగంలో అయిదు రెట్లు.

ప్రకటనల్లో మీరు చూసే 'అయిదు రెట్ల దాకా ఎక్కువ సమయం' అన్న మాట అబద్ధం కాదు. అయితే పడవ కదులుతోందా లేదా అన్నట్టుండే వేగంలోనే అది నిజం. ఫుల్ స్పీడులో రెండింటికీ తేడా సున్నా. ఇది కాగితం మీది లెక్క, అసలు మోటారులో బేరింగుల రాపిడీ అవీ కలిసి కొంత తగ్గుతుంది. క్రాపీ చేపల కోసం గంటకి మైలు వేగంతో పాకేవాళ్లకి ఇది బంగారం. రోజంతా ఫుల్‌లో లాగేవాళ్లు డబ్బులు దాచుకోండి.

1934లో నార్త్ డకోటాలోని ఫార్గోలో ఓ.జి. ష్మిట్ ట్రోలింగ్ మోటారు తయారుచేశాడు. పక్కనే మిన్నెసోటా, కాళ్ల కింద డకోటా. రెండూ కలిపి తన కంపెనీకి మిన్ కోటా అని పేరు. మనవాళ్లు చాలామంది అది జపాన్ కంపెనీ అనుకుంటారు, అందుకే చెప్పాను.

నా పడవ ఆగింది ఒక్క తీగ వల్లే కాదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ మీద 100 ఆంపియర్ అవర్స్ అని రాసుంటే, 20 గంటలపాటు అయిదు ఆంపియర్ల చొప్పున తీస్తేనే ఆ వంద. 50 చొప్పున గుంజితే అరవై ఇస్తే గొప్ప. పైగా సగం కంటే ఎక్కువ వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. ఎదురుగాలిలో నేను అయిదులో పెట్టింది అప్పటికే సగం ఖాళీ అయిన బ్యాటరీ మీద. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి ఈ జబ్బు దాదాపు లేదు, బరువూ సగం కంటే తక్కువే. ధర సంగతి మీకు తెలిసిందే.

ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది: వైరు. బ్యాటరీ వెనకా మోటారు ముందూ పెట్టి 20 అడుగుల 8 గేజ్ వైరు లాగితే, రానూ పోనూ 40 అడుగులు. 50 ఆంపియర్ల దగ్గర వోల్టూ పావు వైరులోనే పోతుంది, అంటే 60 వాట్లకి పైనే. ఫుల్ స్పీడులో కాసేపు నడిపి వైరు పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉందంటే మందంగా ఉండే 6 గేజ్ వేయించుకోండి. మోటారు మార్చే ముందు చేయాల్సిన పని అదీ. ప్రొపెల్లర్ విప్పి వెనకాల చుట్టుకున్న గాలం దారం తీయడం కూడా. నాదానిలో జానెడు దొరికింది, సీలు దాకా కోసుకుపోయింది.

నా పాత మోటారూ, మా మిత్రుడి కొత్త మోటారూ రెండూ పార్కింగ్‌లో ఉన్నాయి. నీళ్ల డ్రమ్మూ, వైరు చుట్టూ పెడితే కరెంటు కొలిచే క్లాంప్ మీటరూ తెచ్చాను. డ్రమ్ములో పడవ నడవదు కాబట్టి అంకెలు లేక్‌లో వచ్చినట్టే రావు. కానీ రెండూ నెమ్మదిగా తిప్పినప్పుడు బ్యాటరీ వైరు మీద మీటరు ఎంత చూపిస్తుందో మీరే చదవండి. భోజనాలయ్యాక రండి.